పొద్దుగాల చల్ల ఇంజన్ మీద చూడనిస్తలేడు – ఈ డీజిల్ స్విఫ్ట్ తీసుకోవచ్చా?

మల్లేపల్లి_సార్ | నల్లగొండ | 2024, ఆదివారం రాత్రి 9:40

అందరికి నమస్తే. నేను ఉండేది నల్లగొండల, డ్యూటీ కొండమల్లేపల్లి దిక్కు బడిల. పోను రాను తొంభై కిలోమీటర్లు. ఇన్నేండ్లు తోటి సార్ కారుల షేరింగ్ మీద పోయిన. ఆయనకు మొన్న ట్రాన్స్‌ఫర్ అయింది. ఇగ సొంత బండి తప్పేటట్టు లేదు. బడ్జెట్ నాలుగు లక్షలు, మహా అంటే ఇంకో ఇరవై వేలు.

హైదరాబాద్ రోడ్డు మీద ఒక కన్సల్టెన్సీల (పాత బండ్లు అమ్మే షాపు) 2015 స్విఫ్ట్ వీడీఐ చూసిన. తెల్లది, టీఎస్ 05 నంబర్, సింగిల్ ఓనర్, మీటర్ 68 వేలు. 4 లక్షల 10 వేలు అంటున్నడు. సీటు కవర్లు కొత్తయి, బానెట్ లేపితే ఇంజన్ అద్దం లెక్క మెరుస్తుంది. నచ్చింది. కాకపోతే ఒక్కటి మనసుల గుచ్చుతుంది. రెండుసార్లు పోయిన, రెండుసార్లూ ఇంజన్ వేడిగనే ఉంది. "ఇప్పుడే ఒక పార్టీ ట్రయల్ చూసి పోయిండు సార్" అంటడు. పొద్దున ఏడింటికి వస్త అంటే షాపు తెరిచేది పదింటికే అంటడు.

ఏమేం చూడాలె? కార్ల సంగతి నాకు ఎరుక తక్కువ. లెక్కల సార్‌ను, లెక్కలు అడిగితే చెప్త.

గడియారం_సెంటర్ | నల్లగొండ | రాత్రి 9:52

సార్, మూడోసారి పోయినా వేడిగనే ఉంటది. ఆ పార్టీ ఎవరో గానీ మీ కంటే పది నిమిషాలు ముందే వస్తడు రోజూ 😀

పాలమూరు_పోరడు | మహబూబ్‌నగర్ | రాత్రి 10:05

అన్నా, అసలు డీజిల్ ఎందుకు? మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌ల బీఎస్ 6 (పొగ మీద కొత్త రూల్) వచ్చినప్పుడే డీజిల్ బంద్ చేసిండ్రు. ఫోర్డ్ అయితే దుకాణమే మూసుకున్నది. పెట్రోల్ బండి తీసుకో, సర్వీస్ ఖర్చు సగం. నాజిల్ (ఇంజన్‌ల డీజిల్ చిమ్మేది) పోయిందంటే ఏడుస్తవు.

మల్లేపల్లి_సార్ | రాత్రి 10:31

తమ్మి, లెక్క వేసిన. మన దగ్గర డీజిల్ దగ్గర దగ్గర 96, పెట్రోల్ 108. డీజిల్ స్విఫ్ట్ లీటరుకు 20 ఇస్తదనుకుందాం. కంపెనీ చెప్పే 25 నేను నమ్మను. పెట్రోల్‌ది 16. అంటే కిలోమీటరుకు ఇటు 4 రూపాయల 80 పైసలు, అటు 6.75. తేడా 1.95. నెలకు 22 రోజులు బడి, దగ్గర దగ్గర 2 వేల కిలోమీటర్లు. నెలకు 3,900 మిగులు. బడి సెలవులు తీసేసినా ఏడాదికి ముప్పై ఐదు వేల పైన. ఒక నాజిల్ పోయినా నాకు గిట్టుబాటే.

అదే నెలకు 500 తిరిగేటోడికి మిగిలేది వెయ్యి లోపు. వాళ్లకు నీ మాటే కరెక్ట్.

పాలమూరు_పోరడు | రాత్రి 10:34

సార్ లెక్క ముందర నేను గప్‌చుప్.

డీజిల్_మామ | మిర్యాలగూడ | సోమవారం పొద్దున 6:15

సార్, ఇరవై రెండేండ్ల నుంచి డీజిల్ బండ్ల పనే చేస్తున్న. మొదట మిల్లు లారీలు, తర్వాత కార్లు. వేడి మీద ఏ ఇంజనైనా మంచిగనే పలుకుతది. చల్లగున్నప్పుడు చూపెట్టనోడి బండి కొనొద్దు. అసలు సంగతి గంతే, కానీ మీరు సార్లు కదా, ఎందుకు అని అడుగుతరు. చెప్త.

రాత్రంత నిలబడ్డ బండి దగ్గరికి పొద్దుగాల పోవాలె. ముందుగాల బానెట్ మీద చెయ్యి పెట్టు. చల్లగుంటేనే తాళం అడుగు. కీ ఒక మెట్టు తిప్పినంక మీటర్ల స్ప్రింగ్ లెక్క పసుపు లైట్ వస్తది, అది గ్లో ప్లగ్గులది. ఆరినంకనే సెల్ఫ్ కొట్టు. మంచి ఇంజన్ ఒకటి రెండు తిరుగుళ్లకే అందుకుంటది. ఈ చలికాలంల గుర్రుగుర్రుమని నాలుగైదు సెకండ్లు తీసుకుంటుందంటే గ్లో ప్లగ్గో, బ్యాటరీయో, కంప్రెషనో చూసుకోవాలె.

ఒకలు స్టార్ట్ చేస్తుంటే ఇంకొకలు ఎనక సైలెన్సర్ కాడ ఉండాలె. సలికి కొంచెం తెల్ల ఆవిరి వస్తది, అర నిమిషంల పోతది, దానికి భయపడొద్దు. కండ్లు మండి, పచ్చి డీజిల్ వాసన కొట్టే తెల్ల పొగ వేరు. అది కాలని డీజిల్. నీలం పొగ అంటే ఆయిల్ తాగుతుంది, టర్బో సీల్ అన్న పోయి ఉంటది, రింగులన్న పోయి ఉంటయి. నల్లది రేస్ చేసినప్పుడు ఒక్కసారి కొడితే డీజిల్ బండికి మామూలే. ఆగకుండ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ నుంచి నాజిల్స్ దాక, ఈజీఆర్ (పొగను మల్ల ఇంజన్‌లకు పంపే వాల్వ్), టర్బో గొట్టం చీలుడు, ఏదైనా కావచ్చు.

ఇగ బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు అరిగి గ్యాస్ కిందికి తన్నుడు. ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ పోసే మూత మెల్లగ విప్పు. తీసి పక్కకు పెట్టకు, అదే బొక్క మీద బోర్లించి చెయ్యి తియ్యి. సన్నగ వణుకుతుంటే సరే. ఎగిరి కింద పడ్డది, లోపల నుంచి పొయ్యిల పొగ లెక్క తన్నుతుంది అంటే బోర్‌కు వచ్చిన (లోపల అరిగిపోయిన) ఇంజన్. గా బండి ముచ్చట అక్కడికే బంద్.

ఇంజన్ అద్దం లెక్క ఉందన్నరు. నాకైతే దుమ్ము పట్టిన ఇంజనే ఇష్టం. ఆయిల్ యాడ కారుతుందో దుమ్ము మీద తెలుస్తది. కడిగి పాలిష్ కొడితే ఏం తెలుస్తది? నాజిల్ మొదట్ల చూడు, తారు లెక్క నల్లగ గడ్డ కట్టి ఉంటే వాషర్ లీకు. స్టార్ట్‌ల ఉన్నప్పుడు అక్కడి నుంచి చుప్ చుప్ అని సప్పుడు కూడ వస్తది.

రింగ్‌రోడ్_రాజా | సూర్యాపేట | పొద్దున 7:50

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చిండో తప్పకుండ అడుగు సార్. తెగితే వాల్వులు వంగిపోయి ఇంజన్ ఖతం. నాకు అయింది. బండి పేరు చెప్పను, తప్పు నాదే, సర్వీస్ పుస్తకంల రాసి ఉన్నా చదవలే.

డీజిల్_మామ | పొద్దున 8:02

రాజన్నా, స్విఫ్ట్ 1.3కు బెల్ట్ లేదు, చైన్. 1248 సీసీ, ఫియట్ మల్టీజెట్. ఇదే ఇంజన్ రిట్జ్‌ల, ఇండికా విస్టాల, పుంటోల కూడ ఉన్నది. అందుకే సామాను ఎక్కడపడితే అక్కడ దొరుకుతది, చెయ్యి తిరిగిన మెకానిక్ ప్రతి ఊర్ల ఉన్నడు. బెల్ట్ ఉండేది పోలో 1.5 టీడీఐ, ఫిగో టీడీసీఐ లాంటియాటికి. ఐ20 1.4ది మల్ల చైనే.

చైన్ అంటే జన్మల మార్చే పని లేదని కాదు. చల్ల ఇంజన్ స్టార్ట్ చెయ్యంగనే రేకు డబ్బల కంకర ఊపినట్టు కరకర వస్తది. ఒక సెకండ్ వచ్చి ఆగిపోతే ఆయిల్ పైకి ఎక్కేదాక వచ్చిన సప్పుడు. ఆగకుంటే చైన్ సాగింది, టెన్షనర్ అయిపోయింది. ఆయిల్ టైముకు మార్చనోడి బండికే ఇది ముందు వస్తది. వేడి మీద ఈ సప్పుడు దాక్కుంటది. మీ కన్సల్టెన్సీ ఆయన బండి ఎందుకు వేడి చేసి పెడుతున్నడో నాకు తెలవదు గానీ, చెయ్యాల్నంటే కారణాలు గివే.

చేదబావి | మర్రిగూడ | పొద్దున 10:20

ఎవరూ చెప్పని ముచ్చట ఒకటి. మన జిల్లా బండి అయితే రేడియేటర్ల ఏం పోసిండ్రో చూడు. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలే వంచినయి, రేడియేటర్‌ను వదుల్తయా? భగీరథ నీళ్లు ఇప్పుడొచ్చినయి గానీ, రోడ్డు మీద బండి వేడెక్కితే ఇంకా పక్క పొలం బోరు నీళ్లే పోస్తరు. 2019ల మా బాబాయి డీజిల్ బండి కొన్నడు. మూత తీస్తే లోపల తెల్లగ సున్నం కొట్టినట్టు ఉండె. ఏం కాదన్నరు. నాలుగు నెలలకు చౌటుప్పల్ దాటినంక టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. హెడ్ గ్యాస్కెట్, హెడ్ ఫేసింగ్, రేడియేటర్, అన్ని కలిపి నలభై వేలు.

కెమిస్ట్రీ_పిచ్చి | నల్లగొండ | పొద్దున 10:41

చిన్న సవరణ అన్నా. గడ్డ కట్టేది ఫ్లోరైడ్ కాదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి కార్బనేట్‌గా మారి గొట్టాల లోపల పేరుకుంటాయి. మన బోరు నీళ్లలో రెండూ ఉంటాయి కాబట్టి అందరూ ఫ్లోరైడ్ మీదికి తోస్తారు. చూడాల్సింది మాత్రం మీరు చెప్పిందే. చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలి. కూలంట్ ఆకుపచ్చో, నీలమో, ఎరుపో, ఏ రంగైనా సరే తేటగా ఉండాలి. తుప్పు రంగు, తెల్ల పొర, పైన తేలే నూనె జిడ్డు ఉంటే వద్దు. స్టార్ట్ చేశాక ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ అనుమానించాలి.

చేదబావి | పొద్దున 10:44

సరే సార్, కాల్షియమే. నలభై వేలు అయితే పోయినయి గదా.

పంతంగి_గేట్ | చౌటుప్పల్ | మధ్యాహ్నం 1:15

68 వేలు అన్న దగ్గర నేను ఆగిన. 2015 బండి, తొమ్మిదేండ్లు, డీజిల్. ఏడాదికి ఏడున్నర వేలు తిరిగెటోడు డీజిల్ ఎందుకు కొంటడు? దినమంత తిరగాల్నని లక్ష ఎక్కువ పెట్టి కొన్నడు కదా.

మీటర్ తిప్పుడు ఇప్పుడు పెద్ద పని కాదు. లాప్‌టాప్ తోటి పావు గంట. కాబట్టి మీటర్ నమ్మకు. బండి నంబర్ పట్టుకొని కంపెనీ సర్వీస్ సెంటర్‌ల హిస్టరీ అడుగు, ఎన్ని కిలోమీటర్ల కాడ ఏం పని చేసిండ్రో రాసి ఉంటది. బయట మెకానిక్ దగ్గర చేపిస్తే అది దొరకదు. అప్పుడు ఓనర్‌ను ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడుగు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేకుంటే డబుల్ టోల్ అని పెట్టిండ్రు, అప్పటి నుంచి హైవే ఎక్కిన ప్రతి బండి చరిత్ర తారీఖుతోటి ఉంటది. నల్లగొండ బండి పట్నం పోవాల్నంటే మా పంతంగి టోల్ గేటు దాటాలె, ఇంకో తొవ్వ లేదు. ఉన్నా ఎవడు పోతడు.

మల్లేపల్లి_సార్ | మధ్యాహ్నం 1:40

అద్భుతం. ఇది నా సబ్జెక్ట్.

కోదాడ_కాల్వ | కోదాడ | మధ్యాహ్నం 3:30

నీళ్లల మునిగిన బండి కాదని కూడ చూసుకోండి. మొన్న సెప్టెంబర్ మొదట్ల వానలకు మా కాడ, ఖమ్మంల ఎన్ని కార్లు మునిగినయో లెక్క లేదు. 2020 అక్టోబర్‌ల హైదరాబాద్ మునిగినప్పటివి కూడ తిరుగుతున్నయి. సీటు బెల్ట్ మొత్తం బయటికి లాగు, చివరి దాక. కడిగెటోడు పైన రెండు మూరలు కడుగుతడు, లోపల చుట్ట చుట్టుకున్న కాడ బురద గీత అట్లనే ఉంటది. స్టెప్నీ కింద గుంతల చెయ్యి పెట్టు, ఒండ్రు తగుల్తది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, కొత్త సెంటు వాసన మూడూ ఒక్కసారి ఉంటే నేనైతే ముక్కు సీటుకు ఆనిచ్చి చూస్త.

అమ్మినోణ్ణి | జడ్చర్ల | సాయంత్రం 6:10

అందరు కొనేటోళ్ల కష్టాలు చెప్తున్నరు, అమ్మినోళ్లది కూడ వినుండ్రి. మూడేండ్ల కింద నా బండి ఒక కన్సల్టెన్సీకి ఇచ్చిన. 29, 30 ఫారాల (పేరు మార్చే కాగితాలు) మీద ఖాళీగ సంతకాలు తీసుకున్నడు. "పార్టీ దొరకంగనే పేరు మారుస్తం అన్నా" అన్నడు. ఏడాదిన్నర చలాన్లు నా ఫోన్‌కే వచ్చినయి. ఒకటి శంషాబాద్, ఒకటి కర్నూల్, నేను పోనే పోలే. నయం, యాక్సిడెంట్ కాలే. అయితే ఆర్‌సీల పేరున్నోడే బాధ్యుడని 2018ల సుప్రీంకోర్టు చెప్పింది.

మీకెందుకు చెప్తున్న అంటే, ఆ కన్సల్టెన్సీ ఆయన దగ్గర కూడ గట్లాంటి ఖాళీ సంతకాల కాగితాలే ఉంటయి. ఆర్‌సీల పేరున్న మనిషిని పట్టుకోండి. బండి కథ ఆయన దగ్గర ఉంటది.

మల్లేపల్లి_సార్ | మంగళవారం రాత్రి 8:55

పట్టుకున్న.

బండి నంబర్ కొడితే యాప్‌ల ఓనర్ పేరు సగం చుక్కలతోటి వచ్చింది. ఆ మిగిలిన అక్షరాలు చూస్తే ఎక్కడో విన్నట్టు అనిపించింది. నల్లగొండ ఎంత ఊరు? ఆయన కొడుకు నా దగ్గర పదో తరగతి చదివిండు. ఫోన్ చేస్తే ఇంటికి రమ్మన్నడు, చాయ్ పోసిండు, ఏం దాచుకోలే. దిల్‌సుఖ్‌నగర్‌ల బట్టల షాపు నడిపెటోడట. వారానికి మూడు నాలుగు సార్లు పట్నం పోయి మాపటికి వచ్చెటోడు. "బండి ఇచ్చినప్పుడు మీటర్ లక్షా తొంభై దాటింది సార్" అన్నడు, మామూలుగ. కన్సల్టెన్సీల 68 వేలు చూపిస్తున్నరంటే నవ్వి, భార్యను పిలిచి మల్ల ఒకసారి చెప్పమన్నడు నన్ను.

ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఫోన్‌లనే తీసి చూపించిండు. 2021 మార్చి నుంచి ఈ అక్టోబర్ దాక 44 నెలలు. నెలకు సగటున పంతంగి 14 సార్లు పోయి 14 సార్లు వచ్చిండు. నల్లగొండ నుంచి ఎల్బీనగర్ 90 వేసుకున్న, పోను రాను 180. 14 ఇంటు 180 ఇంటు 44 ఎంత? 1,10,880. ఫాస్టాగ్ పెట్టక ముందు ఆరేండ్లు, ఊర్ల తిరిగింది, పెండ్లిళ్లకు పోయింది ఇంకా కలపనే లేదు.

మీటర్ 68 వేలు!

క్లాసుల ఈ లెక్క ఇస్త ఎల్లుండి.

గడియారం_సెంటర్ | రాత్రి 8:58

సార్ ఆ కన్సల్టెన్సీ పేరు పెట్టండి ఇక్కడ.

మల్లేపల్లి_సార్ | రాత్రి 9:03

వద్దు తమ్మి. మీటర్ ఆయనే తిప్పిండో, ఆయన కంటే ముందు చేతులు మారినకాడ తిప్పిండ్రో నా దగ్గర రుజువు లేదు. నేను పోలేదు, అంతే. రెండుసార్లు ఫోన్ చేసిండు, మూడు ఎనభైకి ఇస్తనన్నడు.

డీజిల్_మామ | బుధవారం పొద్దున 6:05

లక్షా తొంభై తిరిగిందని నిజం చెప్పి మూడు లక్షల లోపు అడిగితే, ఇంజన్ బాగుంటే నేనే కొనమనేటోణ్ణి సార్. ఈ 1.3 ఆయిల్ టైముకు మారిస్తే రెండున్నర లక్షల కిలోమీటర్లు అవలీలగ పోతది, నా చేతుల మీద పోయినయి ఉన్నయి. ఎక్కువ తిరిగిందని బండి ఖరాబ్ కాదు. తప్పు మీటర్ ఉంటే మాత్రం ఏ సామాను ఎప్పుడు మార్చాల్నో ఎవనికి తెలుస్తది?

పాలమూరు_పోరడు | పొద్దున 9:30

ఢిల్లీ బండి చూడకూడదా అన్నా? అక్కడ పదేండ్లు దాటిన డీజిల్‌ను రోడ్డెక్కనియ్యొద్దని 2018ల సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే సగం ధరకే ఇస్తరు. మా భూత్పూర్ దగ్గర ఒకాయన నాలుగైదు తెచ్చి పెట్టిండు.

పిల్లలమర్రి_నీడ | మహబూబ్‌నగర్ | పొద్దున 11:12

తమ్ముడూ, మా ఆడపడుచు వాళ్లు అట్లాంటిదే తెచ్చుకున్నరు. బండి 2 లక్షలకే వచ్చింది. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే కాగితం) నెలన్నర పట్టింది. ఇక్కడికి వచ్చినంక తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలె, అది బండి వయసును, ధరను బట్టి వేస్తరు. అన్ని కట్టి లెక్క చూసుకుంటే ఇక్కడి బండి ధరకే వచ్చింది. పైగా సర్వీస్ చరిత్ర అడుగుదామంటే ఎవరిని అడుగుతరు?

ఇంకొకటి సార్. నేను నిరుడు కారు కొన్నప్పుడు అమ్మెటాయన "మీరు లేడీస్, ఎందుకు తిప్పలు, మా మెకానిక్ చూస్తడు" అన్నడు. సరే అన్న. ఆ మెకానిక్ పది నిమిషాలు చూసి సూపర్ అన్నడు. తర్వాత తెలిసింది, బండికి ఇంత అని ఆయనకు కమీషన్. మెకానిక్‌ను మీరే తీసుకపోండి, ఆయన కూలి మీరే ఇవ్వండి.

బీఎస్6_బాధితుడు | షాద్‌నగర్ | మధ్యాహ్నం 12:40

కొత్త డీజిల్ వైపు చూసేవాళ్ల కోసం ఒక మాట. బీఎస్ 6 డీజిల్‌లో డీపీఎఫ్ అని మసి పట్టే జాలి ఉంటుంది. ఇరవై నిమిషాలు హైవే మీద నిలకడగా నడిస్తే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. నాలాగా ఇంటి నుంచి మార్కెట్, మార్కెట్ నుంచి ఇల్లు తిరిగితే నిండిపోయి లైటు వెలుగుతుంది. సార్‌ది రోజూ తొంభై కాబట్టి ఆయనకు ఆ బాధ రాదు, 2015 బండికి ఆ జాలే లేదు. నేను మాత్రం ఆదివారం ఆదివారం పని లేకున్నా రాయికల్ టోల్ దాకా పోయి వస్తున్నా. ఇంట్లో ఏమనుకుంటున్నారో అడగకండి.

మల్లేపల్లి_సార్ | శనివారం రాత్రి 10:15

ఇంకోటి దొరికింది. డీజిల్_మామే చెప్పిండు. మిర్యాలగూడల రైస్ మిల్లు గుమస్తా ఒకాయనది. 2016 స్విఫ్ట్ వీడీఐ, బూడిద రంగు, 1,42,000 తిరిగింది, అడిగేది 3 లక్షల 65. పొద్దున ఆరున్నరకు రమ్మని ఆయనే అన్నడు. అది విన్నప్పుడే సగం నమ్మకం కుదిరింది.

నల్లగొండ నుంచి చీకట్ల బయలుదేరిన. బండి వాకిట్ల ఉంది, అద్దాల మీద మంచు. మామ బానెట్ మీద అరచెయ్యి పెట్టి నన్ను కూడ పెట్టమన్నడు, సల్లగ ఐసు లెక్క. పసుపు లైట్ ఆరింది, సెల్ఫ్ కొట్టిండు, రెండో తిరుగుడుకే అందుకుంది. కరకర అని ఒక్క సెకండ్ వచ్చి ఆగింది. మామ నా దిక్కు చూసి వేలు లేపిండు, ఒకటి అని. నేను ఎనక ఉన్న. కొంచెం తెల్లగ వచ్చి పోయింది. ఆయిల్ మూత బోర్లించిండు. అది వణుకుతనే ఉన్నది గానీ ఎగరలే. ఆ మూతను చూస్తూ ఇద్దరం పెద్దమనుషులం రెండు నిమిషాలు నిలబడ్డం. ఓనర్ భార్య కిటికీల నుంచి చూసి ఏమనుకున్నదో.

లోపాలు లేకపోలేదు. మూడో గేర్ల హ్యాండ్ బ్రేక్ లాగి క్లచ్ వదిలితే ఇంజన్ టక్కున ఆగాలె, ఇది కాసేపు నీల్గి ఆగింది. క్లచ్ ప్లేట్ చివరికి వచ్చిందన్నడు. రెండో నాజిల్ కాడ తారు గడ్డ ఉంది, వాషర్. ముందు టైర్ల మీద నాలుగంకెలు చూపించిండు, 2318. అంటే 2018ల 23వ వారం చేసిన టైర్లు. గీతలు ఉన్నా రబ్బరు పగుళ్లు పట్టింది. ముందు బంపర్‌కు పెయింట్ వేసిండ్రు, ఓనరే చెప్పిండు, బర్రె అడ్డమొచ్చిందట. మామ ఊరుకోలే. బానెట్ కింద ఆప్రాన్ల (పక్క రేకుల) మీద వెల్డింగ్ చుక్కలు వేలుతోటి తడిమి చూసిండు, అద్దాలన్నిటి మీద సంవత్సరం ఒక్కటేనా అని చూసిండు. అన్నీ 16వే. కూలంట్ తేటగ ఉంది, చేదబావి అన్నకు చెప్పాలె.

ఆయన దగ్గర ఒక పాత లెక్కల పుస్తకం ఉన్నది. మిల్లు గుమస్తా గదా. ఆయిల్ మార్చిన ప్రతిసారీ తారీఖు, కిలోమీటర్లు, బిల్లు నంబర్, చివరికి గాలి కొట్టించిన రోజులు కూడ. ఒక పేజీల "అద్దం తుడుచు గుడ్డ – 40" అని ఉంది. ఫాస్టాగ్ అడుగుడు మరిచిన, అవసరం పడలే.

క్లచ్, టైర్లు, వాషర్ అన్ని కలిపి మామ ముప్పై వేలు లెక్క చెప్పిండు. 3 లక్షల 38కి తెగింది. బయాన పది వేలు ఇచ్చిన, కాగితం మీద రాసుకున్నం.

రింగ్‌రోడ్_రాజా | రాత్రి 10:22

శుభాకాంక్షలు సార్! ఇగ గుడ్డ కూడ ఇచ్చిండా?

అమ్మినోణ్ణి | రాత్రి 10:40

కాగితాలు సార్, కాగితాలు. ఫైనాన్స్ ఉండెనా? ఆర్‌సీల బ్యాంకు పేరుంటే అప్పు తీరింది అంటే సరిపోదు, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీల బ్యాంకు పేరు కొట్టేయించేది) ఉండాలె. ఫారం 29 రెండు ప్రతులు, 30 ఒకటి. ఒకే రాష్ట్రం కాబట్టి అమ్మినాయన 14 రోజుల లోపు ఆఫీసుల తెలపాలె, కొన్న మీరు 30 రోజుల లోపు. పాత చలాన్లు ముందే కట్టించండి. ఇన్సూరెన్స్ కూడ 14 రోజుల లోపు మీ పేరు మీదికి మార్చుకోవాలె. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాల్సి వస్తది. మార్చుకోకుండ తగిలించుకుంటే మీ బండి రిపేరుకు పైసా రాదు.

మల్లేపల్లి_సార్ | రాత్రి 10:58

ఫైనాన్స్ 2021లనే తీరింది, ఆర్‌సీల కొట్టేసి ఉంది. రెండు చలాన్లుండె, మా ముందరే కట్టిండు. సోమవారం స్లాట్. 2016ది కాబట్టి ఆర్‌సీ 2031 దాక.

డీజిల్_మామ | ఆదివారం పొద్దున 6:20

బండి చేతికి రాంగనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ నాలుగూ మార్పియ్యండి, ఆయన పుస్తకంల ఏం రాసుకున్నా సరే. డీజిల్ ఫిల్టర్ల నీళ్లు నిలుస్తయి, అది మరిస్తే పంపుకు, నాజిల్స్‌కు ఎసరు. ఇంకోటి, దూరం నుంచి వచ్చి ఆపంగనే కీ తియ్యొద్దు. అర నిమిషం నడవనిచ్చి తియ్యండి, టర్బోకు ఆయిల్ అందాలె. బడి గంట కొట్టిండ్రని ఉరికితే టర్బో కొట్టుకుంటది.

మల్లేపల్లి_సార్ | రెండు వారాల తర్వాత, గురువారం రాత్రి 9:10

అప్‌డేట్. ఆర్‌సీ నా పేరు మీదికి వచ్చింది. క్లచ్ వేసినం, నాజిల్ వాషర్లు మార్చినం, ముందు టైర్లు రెండు కొత్తయి. ఇప్పటికి వెయ్యి పైన తిరిగిన. ట్యాంకు నింపి, తిరిగి, మల్ల నింపి లెక్క చూసిన: 19.4. నేను 20 అనుకున్న, సరే.

ఒక్కటి మరిచిన, ఎవరూ గుర్తు చెయ్యలే కూడ. ఆదివారం చుట్టాల ఇంటికి సూర్యాపేట పోతున్న. కొర్లపహాడ్ టోల్ దాటి రెండు నిమిషాలు కాలే, ఫోన్ మోగింది. మిర్యాలగూడ గుమస్తా.

"సార్, కొర్లపహాడ్ దాటిండ్రు గదా. పైసలు నా ఖాతాల కట్ అయినయి. ఏం ఫర్వా లేదు గానీ, తిరిగొచ్చేది ఈ రోజేనా? ఇరవై నాలుగు గంటల్ల అయితే రిటర్న్‌కు తక్కువ పడతది. పుస్తకంల రాసుకోవాలె."